ఒడ్డున అమ్మ

ఖరగ్‌పూర్‌లో ఉంటూ సర్ఫింగ్ చేస్తానంటే ముందు ఎవరూ నమ్మరు. సముద్రం ఏదీ అని అడుగుతారు. లేదు. మా ఊళ్ళో ఉన్నవి రైలు పట్టాలు, వర్క్‌షాపు సైరను, గోల్‌బజార్‌లో ఒకరినొకరు తోసుకునే జనం. అల కావాలంటే శనివారం ఆఫీసవగానే ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పూరీ వెళ్ళే రైలెక్కాలి. ఆదివారమంతా నీళ్ళలో నాని, మళ్ళీ బండెక్కి, సోమవారం పొద్దున ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవాలి. నలభైకి దగ్గరపడిన రైల్వే గుమస్తాకి ఇదేం పిచ్చి అంటే ఒప్పుకుంటాను. పిచ్చే.

మొదట్లో బోర్డుని కూడా బండిలో వెంట తీసుకెళ్ళేదాన్ని. పెట్టెలో ప్రతివాడూ అది తలుపా, బల్లా, శవాన్ని మోసే చెక్కా అని అడిగేవాడు. ఇప్పుడా బాధ లేదు. పూరీలో జాలర్ల పేట మొత్తం మనవాళ్ళే. ఎప్పుడో ఆంధ్రా తీరం నుంచి వెళ్ళి అక్కడే ఉండిపోయినా, ఇంట్లో ఇంకా తెలుగే మాట్లాడతారు. ఎండుచేపలమ్మే ఒక పెద్దావిడ తన పెరట్లో నా బోర్డుకి చోటిచ్చింది. అందువల్ల దానికి ఎండు సావిడాయ చేపల వాసన పట్టింది. నాకూ పట్టిందని మా ఆఫీసులో అంటారు.

వారం రోజులూ నాకు కాలు ఒకచోట నిలవదు. ఫైలు ముందు పెట్టుకుని, బల్ల కింద ఫోన్లో గాలి ఎటు తిరిగిందో చూస్తుంటాను. బుధవారం అలలు బ్రహ్మాండంగా ఉంటాయి. శుక్రవారానికి తగ్గుతాయి. ఆదివారం నేను వెళ్ళేసరికి సముద్రం పళ్ళెంలో పోసిన చారులా ఉంటుంది. నేను సంతకాలు పెట్టే రోజుల్లోనే దానికి హుషారు. పక్క బల్ల దగ్గర కూర్చునే బెంగాలీ దాదా, “దీదీ, ఢేవు కెమోన్?” అని రోజూ అలల క్షేమసమాచారాలు అడుగుతాడు. బాగా లేవంటే జాలిగా తల ఆడిస్తాడు. బాగున్నాయంటే మరీ జాలిగా ఆడిస్తాడు. సోమవారాలు ఫైలు మీదికి వంగితే ముక్కులోంచి నిన్నటి సముద్రం బొటబొటా కారుతుంది.

ఇదంతా నవ్వుతూ చెప్పగలను. చెప్పలేనిది ఒకటుంది. పోయిన వానాకాలంలో ఒక అల నన్ను కిందికి తొక్కేసింది. బోర్డుని కాలికి కలిపే తాడు మోకాళ్ళకి చుట్టుకుంది. ఎటు పైనో, ఎటు కిందో తెలియలేదు. అయిపోయాననుకున్నాను. ఎలాగో బయటపడి, ఇసుకలో కక్కుకుని, సాయంత్రం మామూలుగా బండెక్కాను. దెబ్బ ఒక్కటీ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి ఒక్క అల కూడా ఎక్కలేదు. వెళ్తూనే ఉన్నాను, బోర్డు మీద కూర్చుంటూనే ఉన్నాను, అల రాగానే చేతులు ముడుచుకుపోతున్నాయి. ఇలాగే ఉంటే మానేయాలి. మానేస్తే మిగతా ఆరు రోజులు ఎలా భరించాలో నాకు తెలియదు. భయంగా ఉండేది, అంతకుమించి సిగ్గుగా ఉండేది.

సాకు మాత్రం మా ఊరే ఇచ్చింది. ఖరగ్‌పూర్‌లో పిల్లలకి నడకతోపాటు నేర్పే విద్య ఒకటుంది: కిక్కిరిసిన లోకల్ వస్తే ఎగబడకూడదు, వెనకే ఖాళీది వస్తుంది. ప్లాట్‌ఫారం మీద అమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగుతూ నేర్పింది. నీళ్ళలోనూ నేనదే చేశాను. ఇది పెద్దది, పోనీ. ఇది వంకరగా ఉంది, పోనీ. వెనక మంచిది వస్తుంది. మంచిది వస్తే అదీ పోనీ.

ఇలా ఉండగా అమ్మ ఒక రోజు కూర తరుగుతూ తలెత్తకుండా అంది, “ఈ ఆదివారం నేనూ ఒస్తాను. నువ్వక్కడ ఏటి సేస్తన్నావో సూస్తాను.”

“ఆదివారం ఆరాధన మానేస్తావా?” అన్నాను. అమ్మ ప్రసవానికి తప్ప చర్చి మానిన మనిషి కాదు.

“ఆ చర్చిలోనే అడుగుతన్నారు, మీ అమ్మాయికి సముద్రంలో ఏటి పని అని. నాను సూడకుండా ఏటి సెప్పేది? బాగోలేదనుకో, మానిపించీడమే.”

ఈ వయసులో నన్ను మానిపించేదెవరు అనుకుంటారేమో. మీకు మా అమ్మ తెలియదు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు సుత్తి పట్టిన మా నాన్నే ఆవిడ మాటకి “ఠీక్ హై” అని చెప్పులేసుకుని ఖరిదా బజారుకి వెళ్ళిపోతారు.

ఆ ఆదివారం పూరీలో అలలు చాలా బాగున్నాయి. అమ్మ ఇసుక మీద దుప్పటి పరిచి, రొట్టెలూ చేపల వేపుడూ ఉన్న డబ్బా పక్కన పెట్టుకుని, బైబిలు తెరిచి తన ఆరాధన తాను చేసుకుంది. నేను చేతులతో తెడ్డు వేసుకుంటూ నురగ దాటి వెళ్ళి కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను. ఒకటి వచ్చింది, వదిలేశాను. ఇంకోటి, వదిలేశాను. ఎండ నెత్తికెక్కేదాకా అదే పని. ఏడుపొచ్చి బయటికి వచ్చేశాను.

అమ్మ ముఖం వెలిగిపోతోంది. “ఓస్, ఇంతేనా! సెక్క మీద కూకుని గాలి పీల్సుకోడమేనా! దీనికోసరం నాను ఇన్నాళ్ళూ మోకాళ్ళ మీద పడి ప్రార్థన సేసినాను,” అంది. రొట్టెలో చేపముక్క పెట్టి చేతికిస్తూ, “పెద్ద పెద్దవన్నీ ఒదిలీసినావు, మంచి పని సేసినావు. పెతీ ఆదివారం ఎల్లు తల్లీ. నాకేటీ బెంగ లేదు,” అంది.

నాకు కావలసింది ఆ మాటే. ఆ మాట అనదేమోనని భయపడుతూ వచ్చాను. అది వినగానే ఒళ్ళు మండిపోయింది. అమ్మ మీద కాదు. ఎక్కకుండా కూర్చోవడానికి నాకు అనుమతి దొరికింది, జీవితాంతానికి. రొట్టె డబ్బాలో పడేసి బోర్డు చంకన పెట్టుకున్నాను.

“తిని ఎల్లవే!” అని వెనకనుంచి కేకేసింది.

మళ్ళీ నురగ దాటి వెళ్ళి, వచ్చిన మొదటి అలకే బోర్డుని ఒడ్డు వైపు తిప్పాను. లేవబోయాను, పాదం జారింది, తలకిందులుగా పడ్డాను. మళ్ళీ అదే చీకటి, చెవుల్లో అదే రొద. కానీ ఈసారి తాడు చుట్టుకోలేదు, అల వదిలేసింది, తల పైకి వచ్చింది. ఒడ్డు వైపు చూస్తే అమ్మ నీళ్ళలో ఉంది. మోకాళ్ళ దాకా, చీర తడిసి, రెండు చేతులూ చాచి అరుస్తోంది. ఏమని అరుస్తోందో వినపడలేదు. రమ్మనే అయ్యుంటుంది.

వెళ్ళాల్సింది. కానీ ఇప్పుడు ఒడ్డుకి వెళ్తే మళ్ళీ ఇంత దూరం రానని తెలుసు. అమ్మకి వీపు తిప్పి సముద్రం వైపు తెడ్డు వేశాను. అంత కఠినమైన పని నేను ఎప్పుడూ చేయలేదు.

తరవాతది మంచిదో చెడ్డదో చూడలేదు. ఎక్కాను. నడుం వంకరపోయింది, అయినా నిలబడ్డాను. నిలబడే వచ్చాను, అమ్మ నిలుచున్న చోటికి నాలుగు బారల దూరం దాకా. నవ్వుతూ దిగాను. అమ్మ నవ్వలేదు. దగ్గరికొచ్చి వీపు మీద ఫెడీమని ఒక్కటిచ్చింది.

సాయంత్రం బోర్డు పెద్దావిడ పెరట్లో పెట్టాం, బండెక్కాం, అమ్మ బెర్తు మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను అటూ ఇటూ దొర్లాను. ఇక ఆదివారాలు అయిపోయాయనుకున్నాను. ఒకసారి లేచి నిలబడ్డాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు సర్దుకోలేదు.

తెల్లారి ఖరగ్‌పూర్‌లో దిగి టోటో రిక్షా మాట్లాడుకున్నాం. ఇంటి సందు మలుపు తిరుగుతుంటే, అమ్మ బయటికి చూస్తూనే అంది.

“ఒచ్చే ఆదివారం మీ నాన్నని కూడా తీసుకెల్దాం.”

“ఎందుకమ్మా?”

“నువ్వు మానవు. నాకు తెలిసిపోనాది,” అంది. “ఒక్కదాన్నీ ఒడ్డున నిలబడి సూడలేను.”