పేక ముట్టని తీర్పరి

తిరువూరులో రక్తపిశాచాల గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా తీర్చగలిగిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ జన్మలో పేక ముట్టలేదు. పేరు ఉమామహేశ్వరి. జూనియర్ కాలేజీలో సంస్కృతం చెప్పేవారు. భర్త శంకరనారాయణ గారు శివాలయంలో అర్చకులు. నేనావిడ శిష్యుణ్ణి. ఎలాంటి శిష్యుణ్ణో కూడా ముందే చెప్పేస్తాను, దాచితే దాగే సంగతి కాదు.

ఇంటర్లో పిల్లలు సంస్కృతం తీసుకునేది భక్తితో కాదు, మార్కుల కోసం. అందులో ఎవరూ తప్పరు. 1999లో నేను తప్పాను. మా ఊరు పెనుగొలనులో మాకు ఎనిమిదెకరాల మామిడితోట, కాస్త పత్తి చేను ఉన్నాయి. మా నాన్న వీరరాఘవయ్య ఆ రోజు పత్తి చేను దున్నించి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ రిజల్టు విన్నాడు. "సంస్కృతంలో తప్పినోడివి, ఇంకెందులో నెగ్గుతావురా గిరీ?" అన్నాడు. కోప్పడి అన్నా బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

అలా ఆదివారాలు మేడం ఇంటికి ట్యూషన్ మొదలైంది. షేర్ ఆటోలో వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని తిరువూరు వెళ్ళేవాణ్ణి. మేడం గారి అబ్బాయి కౌండిన్యది నా ఈడే. వాడి ఫొటో, మార్కులు కాలేజీ వాళ్ళు గోడలమీద అంటించారు. బస్టాండు నుంచి వాళ్ళింటికి నడిచే దారిలో ఆ మొహం నాకు నాలుగుసార్లు ఎదురయ్యేది. వాణ్ణి తిట్టుకుందామంటే వాడు మంచివాడు. అదొక బాధ.

ఓ ఆదివారం వాడు విజయవాడ పాత పుస్తకాల కొట్లో దొరికిందని ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో రెండు వందల పైచిలుకు కార్డులున్నాయి. ఒక్కోదాని మీద కోరల వాడో, నల్లకోటు వేసుకున్న దొరసానో. అన్నీ ఇంగ్లీషులోనే. నియమాల పుస్తకం ఎక్కడ పోయిందో పోయింది, నియమాలు క్లుప్తంగా వేసిన మడత కాగితం ఒకటే మిగిలింది. ఆట మాత్రం బాగుంది. ఒక్కో ఆటగాడికి నాలుగు పిశాచాలు. ఒక్కో పిశాచానికి కొంత రక్తం. రక్తానికి మేం గురివింద గింజలు పెట్టుకున్నాం. ఆటంతా ఒక రాత్రి కథ. చీకటి పడ్డప్పుడు మొదలై, అందరూ ఒక చుట్టు ఆడితే ఒక గంట చొప్పున తెల్లవారే దాకా నడుస్తుంది. గంటలు పలక మీద సుద్దతో వేసుకునేవాళ్ళం. అవతలివాడి పిశాచాలన్నీ చస్తే మనం గెలిచినట్టు.

ఒక కార్డు ఒకటి చెబుతుంది, ఇంకో కార్డు దానికి అడ్డం చెబుతుంది. రెండూ కలిసి పడ్డప్పుడు ఏది చెల్లుతుంది? కాగితంలో ఉండదు. మొదటి వారమే జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. నా పిశాచం చచ్చిపోతే, దాని దగ్గరున్న 'పునర్జన్మ' కార్డుతో దాన్నే లేపుతానన్నాను. కౌండిన్య కుదరదన్నాడు. వంటింట్లోంచి మేడం వచ్చారు. మడి కట్టుకుని ఉన్నారు, గుమ్మం దాటలేదు.

"ఏంటా అరుపులు? కార్డు అక్కడే పట్టుకుని చదవరా, నా మీద పడేయకు."

కౌండిన్య చదివాడు.

"చచ్చినవాడు తన తద్దినం తను పెట్టుకోలేడు గిరీ. పక్కవాడి దగ్గరుంటే వాడు లేపుతాడు. నీది చెల్లదు," అని లోపలికి వెళ్ళిపోయారు.

అంతే. ఆ రోజు నుంచి అప్పీలు లేని కోర్టు దొరికింది మాకు. తర్వాత డిగ్రీ పిల్లలు మరో ముగ్గురు చేరారు. వాళ్ళు రావడమే ఆట కోసం కాదు, మేడం తీర్పు వినడానికేనని నా అనుమానం. కాగితంలో ఒకలా ఉండి కార్డు మీద ఇంకోలా ఉంటే ఏం చేయాలని ఒకడడిగితే, "కాగితం ఊరందరికీ చెప్పిన మాట. కార్డు ఆ ఇంటికి చెప్పిన మాట. ఆ ఇంట్లో ఆ ఇంటి మాటే చెల్లుతుంది," అన్నారు. కౌండిన్య వేసిన కార్డు వెనక్కి తీసుకుంటూనే నేను దొంగాట ఆడానని ఫిర్యాదు చేస్తే, "గురివింద గింజకి తన కింద నలుపు తెలీదట. ముందు నీ చెయ్యి కార్డు మీంచి తియ్యి," అన్నారు.

ఆవిడకి ఒక పద్ధతుండేది. తీర్పు కావాలంటే నీ వాదన నువ్వు చెప్పకూడదు. అవతలివాడి వాదన నువ్వు చెప్పాలి. అదీ అవతలివాడు "అవును, ఇదే నా మాట" అని ఒప్పుకునేలా. ఆ తర్వాతే నీ మాట. వాళ్ళ నాన్నగారు శాస్త్రం అలాగే నేర్పారట. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. నన్ను చంపడానికి వచ్చినవాడి కత్తి నేను నూరి ఇవ్వడమేంటి? కాని నూరగా నూరగా ఆ పని నాకు పట్టుబడింది. కౌండిన్య మాట కౌండిన్య కంటే నేనే బాగా చెప్పేవాణ్ణి. మేడం కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "వీడు సంస్కృతంలో ఎలా తప్పాడండీ?" అని శంకరనారాయణ గారిని అడిగేవారు. ఆయన నవ్వి పూలు కోసుకోవడానికి వెళ్ళేవారు. ఆ వసారా, కరెంటు పోతే విసనకర్ర అయ్యే ఆ అట్టపెట్టె మూత, ఆరబోసిన వడియాల వాసన గుర్తొస్తే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బతుకులో నన్ను తెలివిగలవాడన్న ఇల్లు అప్పటికి అదొక్కటే.

సప్లిమెంటరీలో సంస్కృతం గట్టెక్కాను. అయినా ఇంగ్లీషు ట్యూషనని ఇంట్లో చెప్పి ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మా ఇంట్లో పేక అన్న మాట పలకకూడదు. మా చినతాత ఆ పిచ్చిలో పడి ఇల్లు వదిలి పోయాడు.

2007లో మేడం రిటైరయ్యారు. సన్మానంలో ఒకాయన మైకు పట్టుకుని, మేడం నోట తప్పుమాట రావడం ముప్పై ఏళ్ళలో ఎవరూ ఎరగరని ఊదరగొట్టాడు. ఆవిడ లేచి, "ఒకటి వచ్చిందండీ. పెనుగొలను వెళ్ళి దిద్దుకున్నాను," అని కూర్చున్నారు. సభలో చాలామందికి అర్థం కాలేదు. వెనక వరసలో ఉన్న నాకు అర్థమైంది. ఆ ఒక్కటి ఏంటో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అది 2001 ఎండాకాలం. నెట్ సెంటర్లో కూర్చుని కౌండిన్య కనుక్కున్నాడు, హైదరాబాదులో ఈ ఆట ఆడేవాళ్ళు ఒక ఇరవై మంది ఉన్నారని, మే నెలలో పోటీ పెడుతున్నారని. ఎవరి కార్డులు వాళ్ళు తెచ్చుకోవాలట. మాకున్నది ఒక్క పెట్టె. మంచి కార్డులన్నీ ఏరితే ఒక్కడికి సరిపోతాయి. అందుకని మాలో మేం ఆడి, గెలిచినవాణ్ణే పంపాలని ఒప్పుకున్నాం. చివరికి నేను, కౌండిన్య మిగిలాం.

హైదరాబాదు నేను అప్పటికి చూడలేదు. కాని నాకు కావలసింది హైదరాబాదు కాదు. గోడలమీద ఫొటో ఉన్నవాణ్ణి ఒక్కసారి నెగ్గాలి. మా నాన్న అడిగిన దానికి, ఆయనకి చెప్పలేకపోయినా, నాకు నేను జవాబు చెప్పుకోవాలి.

ఆట రెండు గంటలు సాగింది. వాడికి ఒక్క పిశాచం మిగిలింది. నాకూ ఒక్కటే. పలక మీద రాత్రి పది గంటలప్పుడు వాడు 'రాతి సమాధి' వేశాడు. ఆ రోజు ముగిసేదాకా ఆ పిశాచాన్ని ఏ కార్డూ తాకదని దానిమీద ఉంది. నా చేతిలో 'కొయ్యమేకు' ఉంది. అది తగిలితే చావే. నేను ఆగాను. పదకొండు, పన్నెండు, రెండు చుట్లు నెత్తురు కారుతూ ఆగాను. పలక మీద ఒంటిగంట వేయగానే మేకు దింపాను. పన్నెండు దాటింది, రోజు మారింది, సమాధి పనిచెయ్యదని నా లెక్క.

"రోజెక్కడ మారింది? ఇంకా తెల్లారందే!" అన్నాడు కౌండిన్య.

తగిలితే నేను గెలిచినట్టు. తగలకపోతే నా చేతిలో ఇంకేం లేదు, ఓడినట్టే. మేడం దగ్గరికి వెళ్ళాం. విని, ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నా కొడుకు ఆటకి నేను తీర్పు చెప్పకూడదు."

"మీరే చెప్పాలి మేడం. ఇంకొకరి మాట నేను వినను," అన్నాను నేనే.

సరే, పద్ధతి ప్రకారం ముందు కౌండిన్య వాదన నేను చెప్పాలి. చెప్పాను. బుద్ధి ఊరుకుంటే కదా! మా చెల్లి సుప్రజ పెళ్ళి అంతకు రెండు నెలల ముందే జరిగింది. ఆ శుభలేఖ గుర్తొచ్చింది. "ముహూర్తం రాత్రి రెండూ నలభైకి మేడం. శుభలేఖలో బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం అని వేయించాం. అంటే రెండూ నలభైకి ఇంకా బుధవారమే. తెల్లారితేనే గురువారం," అన్నాను. కౌండిన్య నోరు తెరిచి చూస్తున్నాడు. వాడికి ఆ శుభలేఖ తట్టనేలేదు.

మేడం ఆ కార్డు ఇంకోసారి చదివించుకున్నారు. "పన్నెండుకి మారేది తేదీ. రోజు సూర్యోదయానికి మారుతుంది. మన పంచాంగం అంతా దానిమీదే నడుస్తోంది. సమాధి చెల్లుతుంది గిరీ," అన్నారు. అక్కడున్న ఐదుగురం తలలూపాం. నేనూ ఊపాను. ఆ కార్డులు అచ్చేసిన దేశంలో మన పంచాంగం చూడరన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

ఆటో ఎక్కాక కోపం వచ్చింది. కొడుకు కోసమే అలా చెప్పిందనుకున్నాను. వాదన నేనే అందించానన్న సంగతి తెలిసీ అనుకున్నాను. మా పక్క తోట అంకారావు దగ్గర ఆ మాట నోరు జారాను కూడా. రెండు ఆదివారాలు తిరువూరు వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ రెండు వారాలు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో వారం ఒక మధ్యాహ్నం, మా ఇంటి ముందు పాకలో కోసిన కాయలు రాశులు పోసి గ్రేడు చేస్తున్నాం. నాన్న పెద్ద కాయలు ఏరుతున్నాడు, నేను బుట్టల్లో గడ్డి పరుస్తున్నాను. ఆటో ఆగింది. మేడం దిగారు. తల మీద కొంగు, చేతిలో గొడుగు, మొహమంతా చెమట. అమ్మ గబగబా కుర్చీ వేసి మజ్జిగ తెచ్చింది. ఆవిడ గ్లాసు పుచ్చుకున్నారు గాని తాగలేదు.

"వీరరాఘవయ్య గారూ, నేను మీ అబ్బాయికి చెప్పిన తీర్పు ఒకటి తప్పండీ. అది చెప్పడానికి వచ్చాను."

ఇంగ్లీషు ట్యూషన్ గుట్టు ఇక్కడితో సరి. ఆవిడ దాచలేదు, తగ్గించలేదు. మా ఇంట్లో ఆడేది డబ్బులాట కాదు కాని పేకేనండీ అన్నారు. ఆట చెప్పారు, సమాధి చెప్పారు, మేకు చెప్పారు. హైదరాబాదులో మొదటి ఆటలోనే కౌండిన్య అదే సమాధి వేస్తే, అవతలివాడు ఒంటిగంటకి మేకు దింపాడట. అక్కడి పెద్దాయన అసలు పుస్తకం తెరిచి చూపించాడట, రోజు పన్నెండుకే మారుతుందని. కౌండిన్య పొద్దున్నే బస్సు దిగి, గుమ్మంలోనే వాళ్ళమ్మకి ఆ మాట చెప్పాడు. ఆవిడ వంట చేసి పెట్టి, వచ్చిన ఆటో ఎక్కారు.

"ఆ రోజు గెలిచింది మీవాడే. నేనే ఓడించాను. అది కూడా నా కొడుకు కోసం అనుకునేలా," అన్నారు. నా వైపు తిరిగి, "నన్ను క్షమించు గిరీ," అన్నారు.

అంకారావుకి నేను చెప్పింది ఆవిడకి చేరిందో లేదో నాకు తెలీదు. గడ్డి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నాన్న పంచెకి చేతులు తుడుచుకున్నాడు.

"మీ అబ్బాయి మీదేనా అమ్మా, వీడు గెలిచింది? గోడలమీద ఫొటో వేశారే, ఆ అబ్బాయి?"

"వాడి మీదేనండీ."

"అయితే ఇప్పుడు వీణ్ణి పంపిస్తారా హైదరాబాదు?"

"లేదండీ. పోటీలు అయిపోయాయి. ఇంక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు."

"మరి ఈ ఎండలో ఇంత దూరం దేనికొచ్చారమ్మా?"

"గెలిచినవాడికి గెలిచానని తెలియాలి కదండీ. వాడింట్లో వాళ్ళకీ తెలియాలి," అన్నారు మేడం. అప్పుడు మజ్జిగ తాగారు.

నాన్న నన్ను చూశాడు. పేక గురించి తిడతాడని తల దించుకున్నాను. ఆయన బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"ఒంటిగంట దాకా ఎట్టా ఆగావురా? మధ్యలో భయమెయ్యలా?" అన్నాడు.

వేసింది నాన్నా అన్నాను. మరి ఏం చేశావన్నాడు. లారీ వచ్చి హారన్ కొట్టేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను.