గుల్ల చప్పుడు

ఓదెలు ఇనుప కడ్డీతో చెరువుకట్ట రాళ్లను ఒక్కొక్కటే తట్టి, అరచేయి ఆనించి వింటున్నాడు. రామగిరి పక్కన ఉన్న ఆ పాతకాలపు చేపల చెరువు మూడేళ్లుగా చేపలు ఎదగకముందే ఖాళీ అవుతోంది. అందరూ తూమునే అనుమానించి రెండుసార్లు మార్చారు. 2009లోనూ నీళ్లు నిలవకపోతే చేపల సంఘం మూతపడడమే.

"ఏంది కాకా, రాళ్లతోని ముచ్చట పెడుతున్నవా?" అని నవ్వింది సంఘం పెద్ద మల్లక్క.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పైకప్పును గిట్లనే తట్టిన బిడ్డా. గట్టిగుంటే ఖంగుమంటది, గుల్లగుంటే బొద్దుమంటది. గది వినే ఇయ్యాల్టిదాక బతికున్న."

తూముకు పదడుగుల అవతల కడ్డీ బొద్దుమంది. అక్కడ రాళ్లు తీస్తే, వెనక ఎండ్రకాయలు తొలిచిన బొక్క నీటి కోతకు మనిషి దూరేంత పెద్దదై కనిపించింది. ఓదెలు అందులో నల్లమట్టిని జానెడు మందాన పరిచి, తడిపి, దిమ్మిసతో కుమ్మాడు. మళ్లీ పరిచాడు, మళ్లీ కుమ్మాడు. జల్ది కానియ్యమన్నవాళ్ల చేతికి దిమ్మిస ఇచ్చాడు. మూడో రోజు రాళ్లు తిరిగి పేర్చాడు.

వానలకు చెరువు నిండింది. నీటి అంచున రాయిమీద ఓదెలు సున్నంతో గీత గీశాడు. వానలేని వారం గడిచినా నీళ్లు గీతను వదల్లేదు. ఊరంతా కేకలు వేస్తుంటే మల్లక్క చేపపిల్లలను చెరువులోకి వదిలింది.

ఓదెలు కడ్డీని ఆమె చేతిలో పెట్టాడు.

"ఏటా ఎండాకాలం కట్టంత తట్టాలె. తొందరపడొద్దు, వినాలె."

మల్లక్క అక్కడే, కొత్తగా పేర్చిన రాయిమీద తట్టింది. ఖంగుమంది.