సగంబావోళ్ళ పిల్ల

మొన్న ఆదివారం బాల్కనీ సర్దుతుంటే, చెప్పుల స్టాండు వెనకాల, కిందటేడు ఎంతో ముచ్చటపడి కొన్న బంకమట్టి సంచి దొరికింది. మట్టిబొమ్మలు చేయడం నేర్చుకుంటానని ఫోనులో వీడియోలు చూసి, చెక్క చాకులు, స్పాంజీలు, తిప్పే బల్ల అన్నీ తెప్పించుకున్నాను. ఒక ప్రమిద చేశాను, ముందుకాళ్ళ వరకూ ఒక ఏనుగు చేశాను, ఆ తరువాత ఏమైందో నాకే తెలియదు. సంచిలో మట్టి రాయైపోయింది. పారేద్దామని సుత్తితో పగలగొట్టి, దుమ్ము లేవకుండా కాసిని నీళ్ళు చల్లేసరికి గుప్పుమని ఒక వాసన లేచింది. తొలివానకు పైమట్టి తడిసి వచ్చే వాసన అందరికీ తెలుసు. ఇది ఎండ ఎన్నడూ చూడని లోపలి మట్టి వాసన, చల్లగా, నాలుక మీద కాస్త ఇనుము తగిలినట్టుగా ఉంటుంది. నేను పెరిగినంత కాలం మా నాన్న తవ్విన బావి దగ్గర పీల్చిన వాసన అది.

నకరికల్లు దాటి లోపలికి పోతే మా ఊరు. సాగర్ కాలువ మా ఊరి పక్క నుంచే పోతుంది గానీ, మా చేను దానికి ఎగువన పడింది. మిరప నాటిన ఏడు, పూత మీద ఉన్న చెట్లు మిట్టమధ్యాహ్నం తలలు వేలాడేసి నిలబడితే, గట్టు మీద నుంచి చూస్తే కింద కాలువ నిండా నీళ్ళు తళతళలాడుతూ పోతుండేవి. వాటిని చూడకుండా ఉండటానికి మా అమ్మ అటు వీపు పెట్టి కలుపు తీసేది. కళ్ళ ముందు నీళ్ళుండి చేతికి అందకపోతే ఎట్లా ఉంటుందో, ఆ వీపును చూసే నేను మొదట తెలుసుకున్నాను.

అందుకే నాన్న బావి మొదలుపెట్టాడు. మాచర్ల వైపు నుంచి నీళ్ళ జాడ చెప్పే ఒకాయనను పిలిపించాడట. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతుంటే, ఈశాన్యం మూల, వేపచెట్టుకు కాస్త ఇవతల కాయ నిటారుగా లేచి నిలబడిందట. అక్కడ పసుపు కుంకుమ చల్లి, ఆ కాయనే కొట్టి, నాన్న మొదటి గునపం దించాడు. అప్పటికి నేను ఉయ్యాలలో ఉన్నాను. నాకు ఊహ తెలిసేసరికి ఆ గొయ్యిలో మనిషి దిగితే తల కనిపించేది కాదు.

మా ఇంట్లో వేసవి అంటే బావి. కల్లాల్లో మిరపకాయలు ఎండి, తెల్లబారిన తాలుకాయ ఏరి, టిక్కీ బస్తాల్లో తొక్కి బండ్లకెత్తేదాకా ఊరంతా తుమ్ముతూనే ఉండేది. అది అయిపోయి, శ్రీరామనవమి పందిట్లో మిరియాల పానకం తాగి, వడపప్పు దొన్నెలు నాకి పారేసిన మర్నాడు నాన్న గునపాలకు మొనలు తీయించుకుని వచ్చేవాడు. ఆ పొద్దు ఆయన నడకే వేరుగా ఉండేది. తెల్లారకముందే జొన్నన్నంలో చల్ల పోసుకుని, మామిడికాయ పచ్చడి నంజుకుని, ఇద్దరు కూలీలతో దిగేవాడు. లోపల సుద్దరాతి పొర మీద సమ్మెట పడినప్పుడల్లా పళ్ళు జివ్వుమనేవి. అమ్మా, ఇంకో ఆడమనిషీ మోకు లాగి మట్టిగంపలు పైకి తెచ్చి కుమ్మరిస్తే, నేను ఆ గుట్ట మీద కూర్చుని మెత్తటి మట్టి వేరుగా, రాళ్ళు వేరుగా ఏరుకునేదాన్ని. మధ్యాహ్నం నాన్న పైకి వచ్చి వేపనీడలో పడుకుని, బావిలో నీళ్ళు పడ్డాక ఏ మూల ఏం వేయాలో చెప్పేవాడు. వంగతోట, రెండు నిమ్మచెట్లు, అమ్మ కోసం కనకాంబరాలు. నేను ఆ మాటలు వింటూ ముంజలు తినేదాన్ని, నాకు అవన్నీ అప్పటికే ఉన్నట్టే ఉండేది.

మృగశిరకు ఒక వాన పడేది. సేద్యం పనులు మొదలయ్యేవి. గునపాలు దూలానికి ఎక్కేవి. వాన వెలిసినా, మళ్ళీ పది రోజులు ఖాళీ దొరికినా నాన్న అటు పోయేవాడు కాదు. అమ్మ అడిగితే, "పోదాంలేయే, ఇప్పుడంతా బురద," అనేవాడు. బావిలో వాననీళ్ళు మడుగు కట్టి కప్పలు అరిచేవి, గోడల కన్నాల్లో పావురాలు గుడ్లు పెట్టేవి. నాన్న మటుకు ఆ దారినే పోకుండా, చుట్టు తిరిగి దక్షిణపు గట్టు మీదుగా చేలోకి దిగేవాడు. మళ్ళీ నవమి పానకం తాగిన మర్నాడే ఆయనకు ఆ మూల గుర్తొచ్చేది.

మా పల్నాట్లో మనిషికి ఇంటిపేరు ఒకటుంటుంది, ఊరు పెట్టిన పేరు ఇంకొకటుంటుంది. మొదటిది పెళ్ళిపత్రిక మీదికి తప్ప పనికిరాదు. మా పక్కచేను సాంబయ్య మామ, ఏ చుట్టరికమూ లేకపోయినా మామే, ఒకనాడు రచ్చబండ మీద ఎవరో "ఏ సుబ్బారావు?" అని అడిగితే, "అదే, సగంబావి సుబ్బారావు," అన్నాడట. అంతే. ఆ యేడు తిరిగేసరికి మేము సగంబావోళ్ళం. అందులో కుళ్ళు లేదు, ఎగతాళి కూడా పెద్దగా లేదు, ఒక గుర్తు మాత్రమే. కానీ ఆ పేరు మా మీద ఇంటికప్పు కంటే గట్టిగా కూర్చుంది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, బడిలో కొండవీటి కోటకు తీసుకెళ్ళి చూపించారు. తిరిగి వచ్చి, బావిమట్టితో మా పెరట్లో కోట కట్టడం మొదలుపెట్టాను. కొండ చుట్టూ గోడ, బురుజులు, మెట్లదారి, అన్నీ. మొదటి వారం అన్నం మీద ధ్యాస లేదు. పెద్ద బురుజు లేచింది. దాని పక్కది సగం లేచింది. ఒక పొద్దున నిద్ర లేచి చూస్తే, ఆ మట్టిని ముట్టుకోవాలంటేనే ఒంట్లో సత్తువ లేనట్టయింది. ఎవరూ ఏమీ అనలేదు, చెయ్యీ నొప్పి పుట్టలేదు, ఇష్టం మటుకు రాత్రికి రాత్రి ఎటో పోయింది. సాంబయ్య మామ పాలు తీసుకోవడానికి వచ్చి, దాన్ని అటూ ఇటూ తిరిగి చూసి, "ఏందమ్మాయ్, శత్రువులు అప్పుడే పడ్డారా?" అని నవ్వి, "పోనీలే, సగంబావోళ్ళ పిల్లవేగా," అన్నాడు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఊలుతో కుక్కబొమ్మ, అద్దం చుట్టూ గవ్వలు, హార్మోనియంలో సరిగమలు, ఏది పట్టుకున్నా మధ్యలో ఆ మాట వినబడేది. వినబడగానే భయం వేసేది, వెంటనే హాయిగా కూడా ఉండేది. వదిలేయడానికి నాకు పుట్టుకతోనే అనుమతి దొరికింది. ఆ హాయి ఎంత పాడుదో అప్పుడు తెలియలేదు.

నేను ఏడో తరగతి పాసైన వేసవిలో బావికి చెమ్మ తగిలింది. గంపలో పైకి వచ్చిన మట్టి చేతికి అంటుకుంది. అమ్మ చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకుంది. మోకు వదిలేసి, అంచు మీద బోర్లా పడుకుని లోపలికి వంగి పిలిచింది.

"ఏవయ్యా, చెమ్మ తగిలిందయ్యా. ఇంకో నిలువు తవ్వితే పడతయ్యి."

నిలువు అంటే మనిషి ఎత్తు. నాన్న కాసేపటికి మెట్లు పట్టుకుని పైకి వచ్చాడు. ముఖమంతా సుద్ద, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆ పూట అమ్మ బెల్లం పొంగలి వండింది. "ఈ ఏటితో ఆ పాడు పేరు పోద్ది," అని నా జుట్టు దువ్వుతూ నాతోనే నాలుగుసార్లు అంది. మర్నాడు కూలీలు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నాన్న మంచం మీద నుంచి లేవలేదు. జ్వరమేమీ లేదు, అమ్మ నుదురు పట్టుకుని చూసింది.

"ఇయ్యాల వద్దులే," అన్నాడు గోడ వైపు తిరిగి.

ఆ మర్నాడూ అంతే. వాళ్ళు వేరే పనికి పోయారు. అమ్మ అరిచింది, ఏడ్చింది, రెండు రోజులు తానే దిగి తవ్వింది కూడా. చివరికి గునపాన్ని తెచ్చి ఆయన మంచం పక్కన ఆనించి, ఇక ఆ ఊసే ఎత్తలేదు. తరువాతి నవమికి పానకం తాగి వచ్చి నాన్న నిద్రపోయాడు.

చాలాకాలం నాన్నది బద్ధకం అనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో నేను సగంలో వదిలిన కీబోర్డు, కుట్టుమిషను, రెండు పాఠాలు విన్న ఫ్రెంచి చుట్టూ తిరుగుతుంటే కొంచెం తెలుస్తోంది. మా వైపు బావుల్లో సగానికి ఉప్పునీళ్ళే. తవ్వితే పడకపోవచ్చు, పడినా నోట్లో పోసుకోలేనివి కావచ్చు. తవ్వకపోతే ఆ బావిలో నీళ్ళు ఎప్పటికీ తియ్యగానే ఉంటాయి. నా ఏనుగుకు వెనకకాళ్ళు పెడితే అది ఎంత వికారంగా ఉందో తేలిపోతుంది. ఈ సంగతి తెలిసినా వెనకకాళ్ళు పెట్టలేకపోతున్నాను. తెలిస్తే వదిలిపోయే జబ్బు కాదిది, లోపల కూర్చుని పైకి చూస్తే గుండ్రంగా ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది, మెట్లు మాత్రం కనిపించవు.

నాన్నకు మోకాళ్ళు పోయాక అమ్మనూ ఆయననూ నేనుండే నరసరావుపేటకు తెచ్చుకున్నాను. చేను సాంబయ్య మామకే అమ్మాము. ఆయన జేసీబీ పెట్టించి, బావిని ఒక్క పూటలో పూడ్పించాడు. వేపచెట్టు లేదు, కల్లాల్లో తాలు ఏరే పాటలు లేవు, నవమి పానకం ఇప్పుడు ప్లాస్టిక్ గ్లాసుల్లో పోస్తున్నారట. సగంబావి అంటే ఊళ్ళో కుర్రాళ్ళకు తెలియదు. ఇంతకాలం నన్ను పట్టి ఉంచింది ఆ పేరే అనుకున్నాను, పేరు పోయింది, నేను ఉన్నచోటే ఉన్నాను.

నిన్న సాయంత్రం సాంబయ్య మామ వచ్చాడు. ఆయనా ముసలివాడైపోయాడు. ఒక చేతిలో గోంగూర కట్టలు, ఇంకో చేతిలో నీళ్ళ డబ్బా. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, హాల్లో టీవీ చూస్తున్న నాన్నకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"పూడ్చిన బావి పక్కనే బోరేశానమ్మాయ్. మీ నాయన ఆగిన కాడి నుంచి ఇంకో నిలువు కూడా పోలా, పడ్డయ్యి. చానా తియ్యటి నీళ్ళు. మీరు తాగాలని తెచ్చా."

అమ్మ గ్లాసులో పోసుకుని, నిలబడే తాగింది. తాగి గ్లాసు కడిగి బోర్లించింది. కళ్ళు తుడుచుకోలేదు, అవి పొడిగానే ఉన్నాయి.

"ఆయనకి చెప్పమాక," అంది నాతో.

మామ వెళ్ళిపోయాక నాన్న దాహమన్నాడు. క్యాన్‌లో నీళ్ళు ఉన్నాయి, డబ్బాలోనూ ఉన్నాయి. ఎందుకో నా చెయ్యి డబ్బా వైపే పోయింది. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా సగం తాగి, ఆగి, గ్లాసు వైపు ఒకసారి చూసి, మిగిలిన సగమూ తాగేశాడు.

"ఏ ప్లాంటు నీళ్ళే ఇయ్యి?"

"కొత్తది నాన్నా."

"బాగుండయ్యి," అన్నాడు గ్లాసు నా చేతికిస్తూ. "రోజూ ఇయ్యే తెప్పియ్యి."