కంటి వెనక్కి పోయే దారి

వాచిన చెంప మీద వేళ్లు ఆనిస్తే, చేతి తొడుగులోంచి కూడా వేడి తెలుస్తుంది. ఈ ఉదయం కల్లూరులోని నా పళ్ల క్లినిక్‌లో అలాంటి చెంప తాకగానే సులోచనమ్మ గారు గుర్తొచ్చారు. కోడుమూరులో పళ్ల డాక్టరైన ఆమె దగ్గరే నా మొదటి ఉద్యోగం. పాస్టరు గారి కూతురు, యాభై దాటిన మనిషి. ఎవరు పంటినొప్పితో వచ్చినా ముందు దవడ కింద తడిమేవారు. "చీము పాకినాదో లేదో ఈడ వాచే బిళ్లలే చెప్తాయి. నోరు తర్వాత తెరిపిద్దువు" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఓబులేసు అనే నేతగాడు వచ్చాడు. పైవరస కోరపన్ను పుచ్చి, ముక్కు పక్కనుంచి కంటి కిందిదాకా వాచింది. ముందురోజు తానే నొక్కి చీము తీసుకున్నాడట. "పన్ను పీకెయ్యండమ్మా, మగ్గం మీద చీర సగంలో ఉండాది" అన్నాడు. నేను మత్తుసూది అందుకోబోతే సులోచనమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఓబులేసప్పా, నా వేలు ఒకటి కనపడతాందా, రెండా?"

"రెండమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. నన్ను పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించారు. "ముక్కు పక్కనుండే రక్తం కిందికే దిగుతాదనుకోవద్దు పాపా. కంటి పక్క సిరలో వెనక్కి మళ్లి మెదడు దాకా పోతాది. కన్ను తిప్పే నరాలూ ఆడనే ఉండాయి, అందుకే ఒకటి రెండుగా కనపడతాంది." పుస్తకంలో నేను నీలిగీతగా చూసిన దారి అది. ఇప్పుడు ఆ దారిలో విషం నడుస్తోంది.

ఆమె కారులోనే కర్నూలు బయలుదేరాం. వెనక సీట్లో అతని తల నా ఒడిలో ఉంది. ఒళ్లు కాలిపోతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "పోగులు తెగినాయి, శానా తెగినాయి" అని గొణుగుతున్నాడు. ఎడమ రెప్ప పూర్తిగా వాలిపోయింది. ఆమె హారన్ మోగిస్తూనే బండి నడుపుతున్నారు.

"నాకు భయమేస్తాంది మేడం."

"నాకూ అంతే. ఆ మాట ఆసుపత్రిలో డాక్టర్లకు గట్టిగా చెప్పు. సిగ్గుపడొద్దు."

పెద్దాసుపత్రిలో, ఎవరూ అడగకముందే, ఎన్నడూ గొంతు పెంచని ఆమె కేకేశారు: "చీము మెదడు దిక్కు పోతాంది, భయంగా ఉండాది, రండి!"

ఓబులేసు బతికాడు. ఆ కన్ను మాత్రం సగమే తెరుచుకుంటుంది. చీరల సన్నటి అంచుల పని ఇప్పుడు అతని భార్య చూసుకుంటోంది.

రోగి ముందు బెరుకు చూపించకూడదని కాలేజీలో నేర్పారు. సులోచనమ్మ గారు పోయి చాలాకాలమైంది. నేను మాత్రం ఆమె నేర్పినట్టే చేస్తాను. అనుమానం వస్తే రోగి పక్కన కూర్చుని, "నాకు భయంగా ఉండాదప్పా, ఇప్పుడే పెద్దాసుపత్రికి పోదాం పా" అంటాను. ఆ బెరుకు దాచుకోను. వాళ్లు లేచి నా వెంట వస్తారు.