పెళ్ళిచూపులకు థీమ్ పార్కు: ఒక్క రోజు సరిపోతుందా?

కుదిరిందండీ! మా అబ్బాయి శేఖర్‌కు పెళ్ళి కుదిరింది! ఈ మాట రాస్తుంటే ఫోనులో అక్షరాలు రెండేసిసార్లు పడుతున్నాయి. నేను ఇదివరకు ఈ బ్లాగులో తిరుత్తణి, కంచి, నారాయణవనం యాత్రలు రాశాను. ఏ గుడి ఎప్పుడు తెరుస్తారు, ఎంతసేపు పడుతుంది, భోజనం ఎక్కడ బాగుంటుంది, ఇవే నాకు తెలిసిన విషయాలు. చదివింది ఎనిమిదో తరగతి. అలాంటి నేను ఇవాళ చెన్నై అవతల ఉన్న ఒక పెద్ద థీమ్ పార్కు గురించి రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అక్కడికి ఎంత సమయం పెట్టుకుని వెళ్ళాలో తెలుసుకోవాలనుకునేవాళ్ళకు మా కథ పనికొస్తుంది. మేము చేసినట్టు మాత్రం చెయ్యకండి.

ముందు ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మాది సత్యవేడు పక్కన పల్లె. కొంచెం వరి, కొంచెం మామిడి. శేఖర్‌కు సత్యవేడు బజారులో మోటారు వైండింగ్ షాపు ఉంది. వయసు ముప్పై ఆరు. సంబంధాలు వెతకడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచాయి. షాపు అనగానే కొందరు వెనక్కు తగ్గారు, పల్లె అనగానే కొందరు. చూడడానికి వచ్చినవాళ్ళలో ఒకామె పోతూ పోతూ మా ఆవిడ మునెమ్మతో, 'అబ్బాయి మంచోడేనమ్మా, కానీ నోరు తెరిస్తే మా నాయన ఇట్లన్నాడు, మా నాయన అట్లన్నాడు అంటాడు' అని చెప్పి పోయింది. ఆ మాట నాకు గర్వంగా అనిపించింది, మునెమ్మకు ఏడుపొచ్చింది. చివరికి పుత్తూరులో ఉన్న నా బావమరిది కూడా, "ఇంక వదిలేయి బావా. వాని రాత అంతే. వాన్ని వాని మోటార్లతో బతకనీ" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పెళ్ళి అనే మాట ఎత్తడమే మానేశాం. ఊళ్ళో ఎవరి పెళ్ళి మేళం వినిపించినా మునెమ్మ లేచి తలుపు వేసేది.

అప్పుడు ఏర్పేడు నుంచి ఒక ఫోను వచ్చింది. అమ్మాయి పేరు లావణ్య. తండ్రి లేడు. ఏర్పేడు దగ్గర ఒక పెద్ద కాలేజీ ల్యాబులో ఉద్యోగం. మాట్లాడింది ఆమె మేనమామ చెంగల్రాయుడు. "మా పిల్ల పళ్ళెం పట్టుకోని సాప మీద కూసోదంటప్పా. అట్ల కూసోని కూసోని యిసిగిపోయినాదంట. ఒక రోజంతా యాడికైనా పోదాము, రెండిళ్ళోళ్ళూ రావల్ల, సాయంత్రానికి ఔననో కాదనో సెప్పేస్తాననింది. థీమ్ పార్కంట. నాకూ అర్థం కాలే. అయితే ఇదే ఆకరి సంబంధమంట ఆయమ్మకు." ఫోను పెట్టేశాక మునెమ్మ నా వైపు చూసి, "మనకి కూడా ఇదే ఆకరిది" అంది. ఇక్కడ అసలు సంగతి అదే.

ఇక ప్రణాళిక నాది. శనివారం వెళ్ళాలని అమ్మాయివాళ్ళే చెప్పారు. నేను పంచాంగం తీశాను. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర వరకు రాహుకాలం, ఒంటిగంటన్నర నుంచి మూడు వరకు యమగండం. పార్కు తెరిచేది పదికి. కాబట్టి పదిన్నర దాటాక లోపలికి అడుగు పెట్టాలి, ఒంటిగంటన్నర లోపల రెండు పెద్ద ఆటలు అయిపోవాలి, యమగండంలో భోజనం చేసి కూర్చోవాలి, మూడు తర్వాత నీళ్ళ ఆటలు. కంచి యాత్రకు కూడా ఇలాగే వేశాను, చక్కగా జరిగింది. శేఖర్ చూసి, "బాగుండాది నాయనా" అన్నాడు. వాడు ఏనాడూ వేరే మాట అన్నవాడు కాదు.

తెల్లవారి ఆరు గంటలకు సత్యవేడు నుంచి వ్యాన్‌లో బయలుదేరాం. డ్రైవర్ సెల్వం, ఊత్తుకోట మనిషి. ఊత్తుకోట, తిరువళ్ళూరు, ఆ తర్వాత చెన్నై ఊళ్ళోకి పోకుండా బయటి రింగు రోడ్డు. ఉదయం పూట కాబట్టి సుమారు మూడు గంటలు పట్టింది. తిరువళ్ళూరు దగ్గర ఇడ్లీ తిన్నాం. వ్యాన్ బాడుగ, డీజిలు, టోలు అన్నీ కలిపి ఆరువేలకు కుదుర్చుకున్నాను. దారిలో సెల్వం అన్నాడు, "పెద్దాయనా, ఆడ శనివారం జనం ఎక్కువ. గేటు తెరవంగానే దూరిపోవల్ల. లేదంటే లైన్లోనే పొద్దు పోతాది." నేను, "రాహుకాలంలో ఎట్ల దూరేది సెల్వం?" అన్నాను. వాడు అద్దంలో నా ముఖం చూసి, "సరి" అని గేరు మార్చాడు.

మేము చేరేసరికి అమ్మాయివాళ్ళు కారు దిగి నిలబడి ఉన్నారు. లావణ్య నమస్కారం పెట్టి, "ప్రయాణం బాగా జరిగిందా సార్?" అని అడిగింది. పదికి గేటు తెరిచారు. జనం పరుగెత్తారు. నేను కదల్లేదు. చెంగల్రాయుడు, "ఏమప్పా, రాట్నమెక్కేదానికి కూడా ముహూర్తమా?" అన్నాడు నవ్వుతూ. "మంచి పని మీద వచ్చినాము గదా అన్నా" అన్నాను. ఆయన నవ్వు సగంలో ఆగింది. మునెమ్మ వ్యాన్ వెనక తలుపు తెరిచి పులిహోర గిన్నె బయటికి తీసింది, ఏదో ఒకటి చేయాలి కదా అని. లోపలికి బయటి తిండి రానివ్వరని గేటు దగ్గర బోర్డు ఉంది. అందరం వ్యాన్ నీడలో నిలబడి కాగితం ప్లేట్లలో పులిహోర తిన్నాం. మా కళ్ళ ముందే స్కూలు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి, పిల్లలంతా తేనెటీగల్లా లోపలికి పోయారు. లావణ్య వాళ్ళను చూసింది, గడియారం చూసింది, నన్ను చూసింది. ఒక మాట అనుంటే బాగుండేది.

పదిన్నరకు కుడికాలు ముందు పెట్టి బయలుదేరాం. టికెట్టు లైను, బ్యాగుల తనిఖీ, చేతికి కాగితం పట్టీ కట్టడం, ఇవన్నీ అయ్యి లోపల అడుగు పెట్టేసరికి పదకొండు దాటింది. శనివారం టికెట్టు ధర మామూలు రోజుకంటే ఎక్కువ, మనిషికి వెయ్యి రూపాయలు దాటింది. పెద్దవాళ్ళకు కొంచెం తగ్గిస్తారు, ఆధార్ కార్డు తీసుకెళ్ళండి. లోపల చెట్లు, ఫౌంటెన్లు, నడవడానికి చాలా దూరం. ఇనుప పట్టాల మీద మనుషులను తలకిందులు చేసి తిప్పే పెద్ద బండి దగ్గర శేఖర్, లావణ్య లైన్లో నిలబడ్డారు. పిల్లలిద్దరే. మేము పెద్దవాళ్ళం కమ్మీలకు ఇవతల బెంచీ మీద కూర్చున్నాం. లైను పాములాగా మెలికలు తిరిగి ఉంది. అక్కడి బోర్డు మీద ఎదురుచూపు గంటన్నర అని రాసి ఉంది. నా లెక్కలో దానికి అరగంట.

ఆ గంటన్నర నేను పడిన బాధ ఎవరికీ వద్దు. వాళ్ళు ఒక మెలిక ముందుకు వచ్చినప్పుడల్లా కనిపిస్తారు, మళ్ళీ జనంలో కలిసిపోతారు. కనిపించినప్పుడల్లా శేఖర్ చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ఏం మాట్లాడుతున్నాడో, అసలు మాట్లాడుతున్నాడో లేదో. చెంగల్రాయుడు ఒకసారి, "మా పిల్లకి వెయిట్ చేయించేదంటే అస్సలు పడదప్పా" అన్నాడు. నేను ఫోను తీసి టైము చూశాను. ఒంటిగంట దాటింది. వాళ్ళకు ముందు ఇంకా చాలామంది ఉన్నారు. యమగండం మొదలయ్యే వేళకు ఆ బండి ఎక్కుతారు! తలకిందులయ్యే బండి! ఆగలేకపోయాను. కమ్మీల దగ్గరికి పోయి గట్టిగా పిలిచాను.

"శేఖరా! వచ్చేయ్‌రా! ఒంటిగంటన్నర అవతాంది!"

లైను మొత్తం నా వైపు తిరిగింది. కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. శేఖర్ ముఖం ఎర్రబడింది. వాడు ఒక అడుగు కదిలాడు కూడా, నేను చూశాను. అక్కడే ఆగి లావణ్య వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పింది. అప్పుడు వాడు నాకు వినిపించేలా, "మీరు నీడలోకి పోయి కూసోండి నాయనా. మేము ఈడే ఉంటాము" అన్నాడు.

ముప్పై ఆరేళ్ళలో వాడు నా మాట కాదనడం అదే మొదలు. నేను వెనక్కు వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. మునెమ్మ పళ్ళ బిగువున, "పిల్ల ముందర పరువు తీసినావు. ఇంక ఏ పంచాంగమూ వాన్ని కాపాడదు" అంది. ఇంతలో ఆకాశం నల్లబడింది, ఉరుములు మొదలయ్యాయి. వాళ్ళిద్దరూ ఇంకో రెండు మెలికలు దాటితే బండి ఎక్కేవాళ్ళు. ఈలలు ఊదుకుంటూ వచ్చిన సిబ్బంది, ఉరుములున్నప్పుడు ఎత్తు ఆటలన్నీ ఆపేస్తామని లైను మొత్తాన్ని బయటికి పంపేశారు. వాన కురిసింది. యమగండమే అని లోపల అనుకున్నాను కానీ పైకి అనే ధైర్యం లేకపోయింది.

తిండిశాల కిక్కిరిసి ఉంది. సాంబారన్నం దొరికేసరికి మూడు దాటింది. వడ్డించే ఆమె, "శనివారం ఇదే కథ తాతా. పొద్దున్నే వచ్చినోళ్ళు నాలుగైదు ఆడుకోని వాన లోపలే తినేసినారు" అంది. ప్లేటు చేత్తో పట్టుకుని తల ఎత్తలేకపోయాను. వాన ఆగాక నీళ్ళ ఆటల దగ్గర కాలు పెట్టే సందు లేదు. సాయంత్రం ఐదుకు ఖాళీగా దొరికింది ఒక్కటే, పార్కు చుట్టూ తిరిగే పిల్లల రైలు. అందులో రెండు కుటుంబాలూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. అంత దూరం వచ్చి, అంత ఖర్చు పెట్టి, ఎక్కిన ఆట అదొక్కటే. చెంగల్రాయుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మునెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, వాన చినుకులని చెప్పింది. నా కొడుకు జీవితాన్ని ఒక అరగంట ఆలస్యంతో నేనే ముగించానని నమ్మేశాను. ఇంటికి పోయి పంచాంగం అటక మీద పడేద్దామనుకున్నాను.

ఆరు గంటలకు బయటికి వచ్చి, వ్యాన్ దగ్గర నిలబడ్డాం. శేఖర్ సెల్వంతో టైర్ల గాలి గురించి మాట్లాడుతున్నాడు, అవసరం లేకపోయినా. లావణ్య రెండు టీలు తెచ్చి ఒకటి మునెమ్మకు, ఒకటి నాకు ఇచ్చింది.

"పొద్దున్నుంచి శానా అవస్థ పడినారు మామా" అంది.

ఉదయం సార్ అన్న పిల్ల. టీ నా చేతి మీద ఒలికింది.

"మేము ఆ లైన్లో అంతసేపు నిలబడినాము గదా" అంది. "ఇంతకు ముందు సూసిన సంబంధాల్లో ఇంత సేపు ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఈయప్ప ఒకసారి కూడా ఫోను తీసింది లేదు. మోటారు ఎట్ల కాలిపోతాదో, మళ్ళీ ఎట్ల చుడతారో సెప్పినాడు. నేను సెప్పింది ఇన్నాడు. మీరు కేకేసినప్పుడు మా నాయన పిలస్తాండాడు అని వెళ్ళిపోతాడేమో అనుకున్యా. నువ్వేమంటావని నన్నడిగినాడు. నాకు అది సాలు."

మునెమ్మ ఆ పిల్లను అక్కడే పట్టుకుని ఏడ్చేసింది. చెంగల్రాయుడు నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమి బావా, పదిన్నరకి పోబట్టే గదా లైను అంత పొడుగైంది" అన్నాడు. ఎగతాళికన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. లావణ్య మాత్రం కారెక్కుతూ ఒక మాట అంది. "పెండ్లికి ముహూర్తం మీరే పెట్టండి మామా. ఈడికి మళ్ళీ వచ్చేదానికి టైము మాత్రం నేను పెడతాను."

ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నేను ఇన్నాళ్ళూ వాడి రోజులన్నీ గళ్ళు గీసి పంచి పెట్టాను. మంచి వేళలో పని జరగాలని చూశాను కానీ, పనేమీ జరగని ఆ ఖాళీ గంటలే వాడికి కావాల్సినవని నాకు తెలియలేదు. పంచాంగం అటక మీద పడెయ్యలేదు, రేపే మళ్ళీ తియ్యాలి. కానీ ఆ బెంచీ మీద కూర్చుని నేను చచ్చి బతికిన ఆ గంటన్నరే నా ముప్పై ఆరేళ్ళ పెంపకంలో వాడికి నేను ఇచ్చిన మంచి ముహూర్తం అనిపిస్తోంది, తెలియకుండా ఇచ్చినా. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: పెద్ద పార్కుకు పూర్తి రోజు పెట్టుకోండి, శనివారం వద్దు, గేటు తెరవడానికి అరగంట ముందే అక్కడ ఉండి, అన్నిటికంటే పెద్ద ఆట లైన్లోకి ముందు వెళ్ళిపోండి. మీతో ఒక పెళ్ళికాని పిల్లవాడు ఉంటే మాత్రం ఎప్పుడు వెళ్ళినా పర్వాలేదు.

ఇక చెప్పాల్సినవాళ్ళు చాలామంది. నగరిలో మా పెద్దక్క. ఆమెకు చెవులు వినపడవు, మనవరాలికి ఫోను చేసి అరిచి చెప్పించాలి. సూళ్ళూరుపేట చిన్నాన్న కొడుకులు ఇద్దరికీ వేరువేరుగా చెప్పాలి, వాళ్ళకు మాటల్లేవు. రేణిగుంటలో మునెమ్మ చెల్లెలు, ఆమెకు చెబితే కాళహస్తి వాళ్ళకు ఆమే చెప్పేస్తుంది. తిరుపతిలో మా మేనత్త. పిచ్చాటూరు వియ్యంకులకు మా పెద్దమ్మాయే చెప్పాలి, మర్యాద. అందరికీ చెప్పడం రేపు ఆదివారం సాయంత్రం నాలుగున్నర లోపలే అయిపోవాలి, ఆ తర్వాత రాహుకాలం. పుత్తూరు బావమరిదికి మాత్రం ఫోను చెయ్యను. బస్సెక్కి పోతాను. వాకిట్లో కూర్చుంటాను. కాఫీ ఇస్తే మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెబుతాను.