విమానంలో స్టీలు కంచం

మా దీవిలో ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న లంబాలైన్‌లో మా ఇంటి కప్పు మీదుగానే విమానాలు దిగుతాయి. అయినా మేం వైజాగ్ వెళ్లింది ఎప్పుడూ ఓడలోనే. మూడు రోజుల ప్రయాణం. భోజనం అని మైకులో చెప్పగానే ఎవరి కంచం వాళ్లు పట్టుకుని పరిగెత్తాలి. ఆలస్యమైతే దాల్ నీళ్లే గతి.

నిరుడు లండన్‌లో మా ఆడపడుచు గృహప్రవేశానికని తొలిసారి పెద్ద విమానం ఎక్కాం. కాసేపటికి మైకులో భోజనం మాట వినిపించింది.

"లేవండి, లైన్ పెరిగిపోద్ది!" అని మా ఆయన్ని కుదిపాను.

"నువ్వెళ్లు, నాకు నిద్దరొస్తంది," అన్నారాయన.

బ్యాగులోంచి స్టీలు కంచం, గ్లాసు తీసి విమానం వెనకవైపుకి పరిగెత్తాను. అక్కడ ఒక్కరూ లేరు. నేనే ఫస్టు! గర్వంగా నిలబడ్డాను. చూస్తూండగానే నా వెనక ఏడుగురు చేరారు.

చివరికి నా వెనకున్నాయన హిందీలో మొహమాటంగా అన్నాడు: "దీదీ, బాత్రూమ్ ఖాళీగానే ఉంది, వెళ్లండి. కానీ... కంచం ఎందుకు?"

లైనంతా నా చేతుల్లోకి చూసింది. అప్పటికి నిద్ర లేచిన మా ఆయన నన్ను చూసి, ఎవరో పరాయి మనిషిలా దుప్పటి ముసుగేసుకున్నారు.

ఎయిర్‌హోస్టెస్ మాత్రం నవ్వాపుకుంటూ, "సీటు దగ్గరికే తెస్తాం ఆంటీ," అంటూనే నా కంచంలో వేడివేడి చికెన్ బిర్యానీ పెట్టింది. భోజనాల బండి మా వరుసకు వచ్చేసరికి బిర్యానీ అయిపోయింది. మా ఆయనకు దక్కింది బ్రెడ్డూ, ఉడికించిన బీన్సూ.

ఆ సిగ్గు నన్ను లండన్ దాకా వదల్లేదు. తిరుగు ప్రయాణం రోజున మాత్రం ఎయిర్‌పోర్టులో మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి అడిగారు:

"రెండు కంచాలూ చేతిబ్యాగులోనే పెట్టినావు కదేటే?"