గీజరు పాడైంది... మాట పడింది అమ్మ

మా చిన్నప్పుడు గాజువాకలో, మా వంటింట్లో కందిపప్పు ఓ పట్టాన ఉడికేది కాదు... కుక్కరు ఏడు కూతలు కూసినా గరిటె కింద పలుకులు పలుకులుగానే తగిలేది. నాన్నమ్మ కంచంలో ఓ బద్ద తీసి వేళ్ళతో నలిపి చూసేది. "మా ఎలమంచిలిలో రెండు పొంగులొస్తే ఎన్నలాగ ఉడికిపోయీది. దీని సెయ్యే మంచిది కాదురా" అని నాన్నతో చెప్పేది.

అమ్మ మజ్జిగ గిన్నె ఆవిడ ముందుకి జరిపేది.

మా కొళాయిలో వచ్చేవి బోరు నీళ్ళు. సబ్బు అరిగిపోయేది గానీ నురగ వచ్చేది కాదు. ఆరిన యూనిఫాం అప్పడంలా బిగుసుకుపోయేది... నేనూ తమ్ముడూ దాన్ని గోడకి ఆనించి నిలబెట్టి, సెల్యూట్ కొట్టి నవ్వుకునేవాళ్ళం. తపేలాల అడుగున తెల్లటి పెచ్చు. అమ్మ చింతపండు పెట్టి తోమీ తోమీ వేళ్ళు పగలగొట్టుకునేది.

బకెట్లో నీళ్ళు కాచుకునే రాడ్లు ఏడాది తిరక్కుండానే టప్పుమనేవి. మూడు పోయాయి. మూడింటికీ అమ్మే కారణం!

ఆ తర్వాత నాన్న గీజరు కొన్నారు. మా వీధిలో అదే మొదటిది... పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆన్ చేశాం. ఏడాదిన్నరకల్లా గోరువెచ్చని నీళ్ళు కూడా రావడం మానేశాయి. మెకానిక్ విప్పి తీసిన కాయిల్‌కి వేలెడు మందాన సున్నం పట్టి ఉంది. "ఇది పోయిందండి, మార్చాలి" అని దాన్ని పెరట్లో పడేసి వెళ్ళాడు.

"ఏటి సేసినావే దీన్ని? పొద్దస్తమానూ ఆన్ సేసీసి ఒగ్గీసినావా?" నాన్న కేకలు వీధి చివరిదాకా వినబడ్డాయి. ఇక నాన్నమ్మ సంగతి చెప్పాలా... అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ! ఊరి నుంచి ఎవరొచ్చినా గీజరు కథ చెప్పడమే. చివరికి మా మేనత్త కొత్త మిక్సీ కొన్నప్పుడు, అమ్మ సాయం చేద్దామని కొబ్బరిముక్కలు వెయ్యబోతే, "ఉండొదినా, నాను ఏత్తాను" అని గిన్నె లాగేసుకుంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది... అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. నాన్న పనిచేసేది ఆటోనగర్‌లో, బాయిలర్లు బాగుచేసే వర్క్‌షాపులో. ఆ వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ తీసుకెళ్ళాను. ఓ హోటలాయన తన బాయిలర్ తెచ్చి, "మా వంటోడు తగలెట్టీసినాడండి" అని తిడుతున్నాడు.

నాన్న అందులోని గొట్టం ఊడదీసి నేలకేసి తట్టారు. తెల్లటి పెచ్చులు రాలాయి. మా గీజరు కాయిల్‌కి పట్టినవి కూడా అచ్చం అవే.

"ఆడ్నేటీ అనకండి బావూ. ఆడి తప్పు కాదు. ఈ బోరు నీళ్ళే అంత... కాగితే సున్నం కట్టెత్తాది. ఎవులు వాడినా ఇంతే" అన్నారు నాన్న, ఎంతో నెమ్మదిగా.

ఆయనకి తెలుసు! ముందునుంచీ తెలుసు! ముక్కూ మొహం తెలియని వంటవాడి మీద మాట పడనివ్వలేదు. ఇంట్లో మనిషిని మాత్రం వీధంతా వినేలా తిట్టారు.

ఆ సాయంత్రం అందరం అన్నాలకి కూర్చున్నప్పుడు అడిగేశాను. "నాన్నా, ఆ హోటలాయనకి సెప్పినావు కదా, నీళ్ళ తప్పని... నాన్నమ్మకి కూడా సెప్పు."

నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. నాన్నమ్మ ఆయన వంక చూసింది. "సదువుకునే పిల్లవి, నీకెందుకే ఇయన్నీ" అని ఆయన కంచంలోకి తల దించుకున్నారు. నా తొడ మీద గట్టిగా గిల్లింది ఎవరనుకున్నారు... అమ్మే. "పెద్దోళ్ళకి ఎదురు సెప్పకు" అంది.

తర్వాత ఆరు నెలలకోసారి నాన్న గీజరు తనే విప్పి, ఆ సున్నం వదిలించేవారు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాన్నమ్మ తను పోయేదాకా అమ్మ చెయ్యి మంచిది కాదనే అనుకుంది.

ఇప్పుడు మేమంతా ఉండే ఫ్లాట్లకి నీళ్ళలో సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ ఉంది. పప్పు మూడు కూతలకే మెత్తబడిపోతోంది. పోయిన నెల కొత్త వాషింగ్ మెషిన్ వచ్చింది. "అమ్మా, మొదట నువ్వు నొక్కు" అన్నాను. అమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని వెనక్కి జరిగింది. "నాకొద్దమ్మా... కొత్త వస్తువు. నువ్వే నొక్కు."

నాన్న పక్కనే సోఫాలో ఉన్నారు. పేపరు పేజీ తిప్పారు.

మీ ఇళ్ళల్లో కూడా ఏ వస్తువు పోయినా మాటపడ్డ మనిషి ఒకరుండే ఉంటారు... ఎవరో, దేనికో కింద రాయండి. కానీ రాసేముందు, ఆవిడ పక్కగదిలోనే ఉంటే వెళ్ళి, "అది నీ తప్పు కాదు" అని ఒక్క మాట చెప్పి రండి. మా నాన్న ఇంకా చెప్పలేదు.